వజ్రబాహు కత్తి

నేను ఒక కత్తిని. భయపడి వెనక్కి జరగనక్కర్లేదు, నా అంచుకి వంకాయ కూడా తెగదు. నాటకాల కత్తిని నేను. చరిత్రలో పెద్ద పెద్ద కత్తులున్నాయి. వాటికి పేర్లున్నాయి, వాటిని పట్టుకున్నవాళ్లకి విగ్రహాలున్నాయి. ఏ కత్తి ఎన్ని తలలు నరికిందో గొప్పగా చెప్పుకుంటారు మనుషులు. నేను ఒక్క తలా నరకలేదు. అందుకే నా కథ నేనే చెప్పుకోవాల్సి వచ్చింది.

పుట్టుకతో నేను లారీ కమాను పట్టీని. ఉప్పు బస్తాలు మోస్తూ తిరిగిన బతుకు. గోతుల రోడ్డు మీద ఓ రోజు నడుం విరిగింది. తెనాలి పక్కన కమ్మరి సోమాచారి ఆ రెండు ముక్కలూ తెచ్చి, కొడవళ్లు చేద్దామని కొలిమి పక్కన పడేశాడు. కొడవలినే అయ్యుంటే నాలుగు కోతలు కోసి మర్యాదగా అరిగిపోయేదాన్ని. ఈలోగా శేషాద్రి మాస్టారు దిగబడ్డాడు.

మాస్టారంటే బడి మాస్టారు కాదు, హార్మణీ మాస్టారు. ఆ ప్రాంతంలో ఒక నాటక సమాజం నడిపేవాడు. వేసిన నాటకాలే వేసి విసుగెత్తి, ఒక పాత బొమ్మల పుస్తకం చూసి కొత్త నాటకం కట్టాడు. ఆ పుస్తకంలో మనుషులు తల నుంచి కాలి దాకా ఇనుము తొడుక్కుని గుర్రాల మీద కూర్చుని ఉంటారు. గుర్రాలకీ ఇనప బట్టలే. ఆ బొమ్మ ఆచారి ముందు పెట్టి చెప్పాడు మాస్టారు. వీళ్లని నైట్లంటారు, దూరదేశపు వీరులు, ఆడవాళ్లనీ బీదవాళ్లనీ కాపాడతామని ప్రమాణం చేసి మరీ గుర్రం ఎక్కుతారు అని.

"ప్రమాణం బానే ఉంది మాస్టారూ. గుర్రానికి దాణా ఎవరు పెడతారు?" అన్నాడు సోమాచారి.

మాస్టారు బొమ్మని ఓసారి చూసుకుని, "ఆ బీదవాళ్లే" అన్నాడు.

ఆచారి కొలిమి రాజేశాడు. బొమ్మలో ఉన్నట్టే తిన్నగా, పిడి దగ్గర అడ్డకమ్మీతో నన్ను సాగగొట్టాడు. రెండో ముక్కతో నా తమ్ముణ్ణి చేశాడు. ఒకే పట్టీలోంచి పుట్టిన మమ్మల్ని ఒకళ్లనొకళ్లు పొడుచుకోడానికే చేశాడన్నమాట. ఇందులో వింతేముంది, మనుషుల్లో అన్నదమ్ములకి ఎవరూ నేర్పకుండానే ఆ పని వచ్చు.

నాటకంలో వజ్రబాహు మంచి వీరుడు, కాలకేతు చెడ్డ వీరుడు. కాలకేతు ఒక రాణి గారి కోట ఆక్రమిస్తాడు. వజ్రబాహు వచ్చి ద్వంద్వ యుద్ధం చేసి చంపుతాడు. కవచాలు నూనె డబ్బాల రేకుతో కొట్టించి వెండి రంగు పూశారు. ఎండకి వేడెక్కితే వీరుల ఒంటి మీంచి పామాయిలు వాసన వచ్చేది.

నేను వజ్రబాహు వేషం కట్టే పెనుగొండ దశరథం చేతికొచ్చాను. పొడుగు మనిషి, కోర మీసం, గంట లాంటి గొంతు. నా తమ్ముడు కాలకేతు వేసే తాడి కోటిలింగం చేతికి పోయాడు. పొట్టిగా, బండగా ఉంటాడు. ఆయన గొప్పంతా చావులో ఉంది. పొడిపించుకుని పద్యం పాడుతూ పడిపోతే జనం 'వన్స్ మోర్' అని గోల పెట్టేవాళ్లు. వెంటనే లేచి, దుమ్ము దులుపుకుని, మళ్లీ పొడిపించుకుని మళ్లీ చచ్చేవాడు. అడిగితే కాదన్న పాపాన పోలేదు.

వాళ్లిద్దరూ ఒకప్పుడు బావా అంటే బావా అనుకున్నవాళ్లే. చుట్టరికం ఏమీ లేదు, నోటి వరసే. ఒక ఊళ్లో కోటిలింగం చచ్చి లేచి, చచ్చి లేచి, ఆఖరిసారి రాగం ఎంత లాగాడంటే జనం సోడాలు తాగడానికి లేచిపోయారు. తర్వాత దశరథం పాడిన గెలుపు పద్యం ఖాళీ చాపలు విన్నాయి. ఆ రోజుతో మాటలు బంద్. ఒకే బండిలో వెళతారు, ఒకే అద్దం ముందు రంగు పూసుకుంటారు, పలకరింపు మాత్రం లేదు. చెప్పుకోవాల్సిందేదన్నా ఉంటే స్టేజీ మీదే.

"ఓరీ వజ్రబాహూ, నిన్న రైలు అందుకోలేక సమాజం పరువు తీసినవాడవు నీవు కాదా?" అని గర్జించేవాడు కాలకేతు.

"ఓరీ కాలకేతూ, నా దువ్వెన దొంగిలించిన నీకు పరువు మాట ఏల?" అనేవాడు వజ్రబాహు.

జనం ఈలలు. మాస్టారు హార్మణీ మీద తల పెట్టుకునేవాడు.

ఇంకో చిక్కు కూడా వచ్చింది. నైట్ల నీతి ప్రకారం ఆయుధం జారిపోయినవాణ్ణి కొట్టకూడదు, కత్తి తీసి చేతికిచ్చి అప్పుడు కొట్టాలి. వాళ్ల మాటలు బందయ్యాక మాస్టారు ఆ ముక్క నాటకంలో కొత్తగా కలిపాడు: మొదట కాలకేతు కత్తి పడిపోతుంది, వజ్రబాహు దాన్ని తీసివ్వాలి. రిహార్సల్లో దశరథం నా తమ్ముణ్ణి తీసి ఏం చేశాడు? వంగి నేల మీద పెట్టాడు. మన ఇళ్లలో కత్తయినా కత్తిపీటయినా చేతికి చేతికి ఇవ్వరు కదా, ఇస్తే గొడవలొస్తాయని. కింద పెడితే అవతలివాళ్లు తీసుకోవాలి.

మాస్టారు నెత్తి కొట్టుకున్నాడు. వీరుడు కత్తి నేల మీద పెట్టాడంటే లొంగిపోయాడని అర్థం, చేతికివ్వవయ్యా అన్నాడు. దశరథం ససేమిరా అన్నాడు. అవతల కోటిలింగం, ఇచ్చినా నేను పుచ్చుకోనని గోడకి చెప్పాడు. అన్నేళ్లలో ఆ ఒక్క విషయంలోనే ఇద్దరూ ఏకమయ్యారు. చేసేది లేక మాస్టారు దర్జాగా ఒక డైలాగు రాసిచ్చి ఊరుకున్నాడు: "తీసుకొమ్ము నీ ఖడ్గమును!" ఆ పైన వజ్రబాహు అటు తిరుగుతాడు, కాలకేతు వంగి తీసుకుంటాడు. జనానికి అందులో తప్పేమీ కనపడలేదు. వాళ్ల ఇళ్లలోనూ అంతే మరి.

అలా చాలా ఏళ్లు నడిచింది. ఊళ్లు తిరిగాం, దండలు వేయించుకున్నాం. మనిషి ముఖానికి రంగు పూసి ఏమైనా దాచచ్చు గానీ, అరచేతిలో ఉన్నదాని దగ్గర దాచలేడు. ఒక వానాకాలం దశరథం పట్టులో తేడా నాకు తెలిసింది. ముందు చిటికెన వేలు బిగుసుకోవడం మానేసింది. తర్వాత దాని పక్కది. తిమ్మిరి అనుకున్నాడు, నూనె రాశాడు, కాపడం పెట్టాడు. బాపట్లలో డాక్టరు నరం దెబ్బతిందని, ఇంక తిరిగి రాదని చెప్పాడట. ఆ మాట ఆయన భార్యకి కూడా చెప్పలేదు. పెరట్లో నన్ను పైకెత్తి, "జారకే తల్లీ, నీ పుణ్యం ఉంటుంది" అనేవాడు. నేనేం చెయ్యగలను? జారడం నా చేతిలో ఉందా?

కత్తి ఎత్తలేని వజ్రబాహుని ఏ ఊరు పిలుస్తుంది? ఆయనకి సెంటు పొలం లేదు, ఇంకో పని రాదు. వీధిలో పెద్దాచిన్నా అంతా వజ్రబాహు గారనే పిలిచేవాళ్లు, అసలు పేరు మర్చిపోయారు. ఆ వేషం పోతే తనంటూ ఎవడూ మిగలడని ఆయన భయం. అందుకని రేకు తొడుగు లోపల నన్ను మణికట్టుకి నులక తాడుతో కట్టుకోవడం మొదలెట్టాడు. తాడు ఒరుసుకుని చర్మం లేచిపోయేది. పైకి మాత్రం మీసం మెలేసి నవ్వేవాడు.

అలా ఉండగా రేపల్లె అవతల ఒక ఊళ్లో నాటకాల పోటీలు పెట్టారు. కమిటీ ప్రెసిడెంటు ముసునూరి పానకాలు. ఇసకేస్తే రాలని జనం. సాయంత్రం మొదటి నాటకం మాదే, ఇంకా వెలుతురుంది. యుద్ధం సీను వచ్చింది. మొదటి విసురుకే లోపల తాడు పుటుక్కున తెగింది. నేను ఆయన చేతిలోంచి జారి బల్లల మీద ఠంగుమని పడ్డాను.

అది నాటకంలో లేదు. పడాల్సింది నా తమ్ముడు. మాస్టారి వేళ్లు హార్మణీ మీద ఆగిపోయాయి. దశరథం ఒట్టి చేతులతో నిలబడ్డాడు. ఎదురుగా కోటిలింగం, చేతిలో కత్తి, నోటి నిండా ఏళ్ల తరబడి కూడబెట్టిన కసి. ఒక్క ఎకసెక్కం చాలు. 'ముసలి వజ్రబాహూ, కత్తి బరువైనదా?' అంటే చాలు, ఆ నవ్వుల్లో దశరథం కథ ముగిసిపోయేది. కోటిలింగం నోరు తెరిచాడు కూడా. అప్పుడే ఆయన కళ్లు దశరథం మణికట్టు మీద పడ్డాయి. తొడుగులోంచి తెగిన నులక తాడు వేలాడుతోంది.

కోటిలింగం నోరు మూసుకున్నాడు. వంగి నన్ను తీశాడు. అలవాటు కొద్దీ దశరథం కాళ్ల దగ్గర పెట్టి, "తీసుకొమ్ము నీ ఖడ్గమును!" అన్నాడు. చెడ్డ వీరుడి నోట ఆ మాట రాగానే జనం చప్పట్లు. దశరథం వంగాడు. వేళ్లు నా పిడి మీద పడ్డాయి గానీ ముడుచుకోలేదు. మళ్లీ ప్రయత్నించాడు. ఆయన చెమట నా మీద బొట్లుబొట్లుగా పడింది. చప్పట్లు పలచబడ్డాయి. ముందు వరసలో ఎవడో దగ్గాడు.

అప్పుడు కోటిలింగం కూడా వంగి, నన్ను ఎత్తి, తిన్నగా దశరథం చేతిలో పెట్టాడు. పెట్టి ఊరుకోలేదు. బిగుసుకోని ఆ వేళ్ల మీద తన వేళ్లు వేసి గట్టిగా మూశాడు.

"చేతికి చేతికి ఇస్తే గొడవలొస్తాయి కదయ్యా" అన్నాడు దశరథం నీరసంగా.

"మనకి ఇంక కొత్తగా రావలసిన గొడవేముంది బావా" అన్నాడు కోటిలింగం. ఇదంతా మైకుకి అందలేదు, నాకే అందింది.

తర్వాత జరిగింది యుద్ధమంటే యుద్ధమే. నా తమ్ముడి అడ్డకమ్మీని నా కమ్మీ కింద దూర్చి, కిందకి జారకుండా నన్ను ఎత్తి పట్టుకున్నాడు కోటిలింగం. తోసేవాడూ ఆయనే, తూలేవాడూ ఆయనే. చూసేవాళ్లకి వజ్రబాహు చెలరేగిపోతున్నట్టుంది. ఆఖరికి నా మొన తన చంక కింద తనే ఇరికించుకుని, పద్యం అందుకుని, వెల్లకిలా పడి చచ్చాడు.

పందిరి దద్దరిల్లింది. వన్స్ మోర్! ఇలాంటి యుద్ధం ఎవరూ చూడలేదు. మళ్లీ కావాలి. దశరథం ముఖంలో రంగు కింద రంగు మారింది. ఆ చెయ్యి ఇంకోసారి లేవదు.

కోటిలింగం కదల్లేదు.

అరిచారు. ఈలలేశారు. పానకాలు గారు స్వయంగా స్టేజీ దగ్గరికొచ్చి, "లేవయ్యా కోటిలింగం, జనం అడుగుతున్నారు" అని బతిమాలాడు. కళ్లు మూసుకుని పడుకున్నాడు తప్ప ఉలకలేదు, పలకలేదు. పొగరెక్కిందన్నారు. పనైపోయింది, దమ్ము లేదన్నారు. వేరుశెనగ తొక్కలు విసిరారు. నేను ఆయన చెవి పక్కనే పడి ఉన్నాను. ఊపిరి కూడా చిన్నగా పీలుస్తున్నాడు, పొట్ట కదిలితే బతికున్నాడంటారని. చివరికి మాస్టారే తెర దించేశాడు.

ఆ సంగతి అక్కడితో పోలేదు. మళ్లీ పోటీల ముందు పానకాలు గారు దశరథం ఇంటికొచ్చాడు. మీరు తప్పక రావాలన్నాడు. కాలకేతుకి మాత్రం వేరే మనిషిని చూసుకోమన్నాడు, జనం అంత మర్యాదగా అడిగితే శవంలా పడుకున్నవాణ్ణి మళ్లీ పిలవం అన్నాడు. మళ్లీ బావా అంటూ వచ్చిపోతున్న కోటిలింగం బయట అరుగు మీదే ఉన్నాడు. విన్నాడు. చుట్ట వెలిగించుకున్నాడు.

దశరథం మూలనున్న నన్ను చూపించి, "అది కాస్త నా చేతిలో పెట్టండి" అన్నాడు, కుడి చెయ్యి చాపి.

పానకాలు గారు కాస్త తటపటాయించి పెట్టాడు. నేను పడిపోయాను.

"మళ్లీ పెట్టండి."

మళ్లీ పడ్డాను. సిమెంటు గచ్చు మీద ఆ చప్పుడు బయటికి కూడా వినపడింది.

"ఆ రోజు ఆయన లేచుంటే, అంతమందిలో జరిగేది ఇదీ" అన్నాడు దశరథం. "ఇంక వజ్రబాహు లేడండి. కోటిలింగం గారు ఉన్నారు, ఆయన్ని పిలుచుకోండి."

అరుగు మీంచి కోటిలింగం ఒక్క ఉదుటున లోపలికొచ్చాడు. "నిన్నెవడు చెప్పమన్నాడయ్యా? ఇంతమంది చేత తిట్లు తిన్నాను, ఇంకో నాలుగు తినలేనా?" అని కోప్పడ్డాడు. నువ్వెందుకు తినాలని దశరథం. నా ఇష్టం అని కోటిలింగం. పానకాలు గారు నన్ను తీసి గోడకి ఆనించి, చెప్పులేసుకున్నాడు.

వజ్రబాహు నాటకం ఆగిపోయింది. దశరథం తర్వాత సింహాసనం మీద కూర్చునే రాజు వేషాలు వేశాడు. ఆ రాజులకి కత్తి పట్టే పని ఉండదు, కదలకుండా పద్యాలు పాడితే చాలు. సభలో ఆ రాజు పక్కన మంత్రి కోటిలింగమే. రాజు రాగం ఎక్కడ తగ్గినా మంత్రి కింద నుంచి అందుకునేవాడు. దిగాక, ఎవరు తప్పు పాడారో బస్సొచ్చేదాకా వాదించుకునేవాళ్లు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. నేను తెనాలిలో అద్దె డ్రస్సుల షాపులో మేకుకి వేలాడుతున్నాను. పెళ్లికి ముందు ఫోటోల కోసం కుర్రాళ్లు నన్ను అద్దెకి పట్టుకుపోతుంటారు. మొన్న ఒక పెళ్లికొడుకు నన్ను భుజాన వేసుకుని నిలబడితే ఫోటోగ్రాఫరు, "వీరుడిలా చూడండి సార్" అన్నాడు. అతను వెంటనే పళ్లు బిగించి, కళ్లు ఎర్రజేసి, ఛాతీ పొంగించాడు. పాపం, అతనికి అంతవరకే తెలుసు. నేను చూసిన వీరుడు కళ్లు గట్టిగా మూసుకుని, వెల్లకిలా పడి, మీసం మీద వేరుశెనగ తొక్క పడినా ఊదుకోకుండా ఊరుకున్నాడు.