వాసన తెలియకుండా కలిపిన పంచ్

చలికాలంలో వచ్చిన జ్వరం తగ్గింది కానీ, పోతూ పోతూ వదిన ముక్కులోంచి వాసనలన్నిటినీ మూటగట్టుకు పోయింది. ఆమె పుస్తకాలు బైండింగ్ చేస్తుంది. చేతికంటుకున్న జిగురు వాసన కూడా ఇప్పుడు తెలియదు. "ముక్కు మీద కోపం తప్ప ముక్కులో ఇంకేం మిగల్లేదు" అని తనే నవ్వేది. ఆ బిల్డింగులో చిన్నా పెద్దా అందరికీ ఆమె వదినే.

వేసవిలో అందరూ మేడమీద కూడే సాయంత్రానికి వైన్ పంచ్ కలపడం ఏటా ఆమె పని. ఈసారి ఇంకెవరికైనా అప్పజెప్పమన్నాడు భర్త.

"ఉండండి, ముక్కు పనిచేయకపోతే నాలుకకి ఎంత తెలుస్తుందో నాకూ చూడాలనుంది" అందామె.

ఆ రోజు పొద్దున్నే భర్త చెల్లెలు సాయానికి వచ్చింది. కళ్లద్దాల షాపులో పనిచేసే ఆ అమ్మాయికి మొహమాటం ఎక్కువ. గుచ్చుకునే ఫ్రేమును కూడా బాగుందనే రకం. ఇద్దరూ నారింజలు చక్రాలుగా, పీచ్ పళ్లు బద్దలుగా కోసి పెద్ద గాజు జాడీలో వేసి రెడ్ వైన్ పోశారు. వదిన ఒక చెంచా నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది.

"పులుపుంది. వెనకాలే తొక్క చేదు. తీపి చాల్లేదు. ఆ తర్వాత ఇక గోడే."

"గోడేంటి వదినా?"

"నువ్వూ ముక్కు మూసుకుని తాగి చూడు."

మరదలు ముక్కు గట్టిగా పట్టుకుని ఒక గుక్క మింగింది. కళ్లు పెద్దవి చేసింది. "పీచ్ ఏమైపోయింది? ఉత్త పుల్లనీళ్లే!" ముక్కు వదలగానే, "వచ్చేసింది వదినా, మొత్తం వచ్చేసింది!" అని అరిచి, అంతలోనే నాలిక్కరుచుకుంది.

వదిన నొచ్చుకోలేదు. "భలే ఉందే" అంటూ దాల్చినచెక్క డబ్బా తీసింది. రెండు ముక్కలు వేసి రుచి చూస్తే ఏమీ తెలియలేదు. ఇంకొన్ని విరిచి వేసింది. గంట నానాక కూడా తెలియకపోతే మరో గుప్పెడు వేసింది. సాయంత్రానికి నాలుక మీద చిన్న చురుకు తగిలింది.

"దొరికింది! ఎలా ఉంది?"

మరదలు తాగి, నీళ్లు నమిలి, "బాగుంది వదినా" అంది.

ఎండ తగ్గాక జనం పైకొచ్చారు. మొదటి గ్లాసు మూడో అంతస్తు మేస్త్రీ అందుకున్నాడు. ఒక గుక్క తాగి దగ్గాడు. "వదినా, ఇది తాగడానికా, పళ్లు తోముకోడానికా?"

అందరూ నవ్వారు. వదిన మాత్రం జాడీ వైపు, మేస్త్రీ మొహం వైపు మార్చి మార్చి చూసి, మరదలిని పిట్టగోడ దగ్గరికి తీసుకెళ్లింది.

"కుండ బద్దలుకొట్టినట్టు చెప్పు. ఎలా ఉంది?"

"పళ్లపొడిలా ఉంది." ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "పొద్దున ముక్కు మూసుకున్నప్పుడు నీకెలా ఉంటుందో తెలిసింది వదినా. ఇక చెప్పడానికి నోరు రాలేదు."

"పిచ్చిదానా, నువ్వు చెప్పకపోతే నాకెవరు చెప్తారు? పద, బాగుచేద్దాం."

చెక్కముక్కలన్నీ గరిటెతో ఏరి పారేశారు. ఉన్నదాన్ని రెండు జాడీలకు పంచి, మరో రెండు సీసాల వైన్, నారింజరసం, ఐసు, సోడా కలిపారు. తీపీ పులుపూ వదిన నాలుక తేల్చింది. మిగతాది మరదలి వంతు. "ఇంకా ఘాటే, ఇంకొంచెం రసం పొయ్యి... ఇంకాస్త... చాలు, ఆపు!" ఆ పిల్ల అంత గట్టిగా మాట్లాడటం అంతకుముందు ఎవరూ వినలేదు.

మేస్త్రీ భయంభయంగా తాగి, గ్లాసు మళ్లీ చాపాడు.

జాడీలు సగమయ్యాక వదినా మరదళ్లిద్దరూ చాప మీద కూలబడ్డారు. వదిన నానిన పీచ్ బద్ద నములుతూ, "మెత్తగా జారిపోతోంది. దీని వాసన ఎలా ఉందో చెప్పు" అంది.

"ఎండలో ఆరేసిన దుప్పటిలా..."

"ఇంతసేపూ దుప్పటి తాగుతున్నామా?"

"అబ్బా, ఉండు వదినా, చెప్తాను." మరదలు ఇంకో గుక్క తాగి, మాట కోసం ఆకాశంలోకి చూసింది. వదిన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆమె వైపే చూస్తూ కూర్చుంది.