ఇశ్రాయేలును ఎరిగినవాళ్ళు

జీపు చప్పుడు వినబడగానే నోటికి తాళం వేసుకోవడం ఆ ఊళ్ళో ఉగ్గుపాలతో అబ్బే విద్య. ఎమ్మిగనూరుకు ఆరు మైళ్ళ దూరంలో ఉన్న ఆ ఊరికి పోలీసులు మంచికి వచ్చింది ఏనాడూ లేదు. అందుకే వాళ్ళు కోడిపెట్ట గురించి అడిగినా, కన్నకొడుకు గురించి అడిగినా ఒకటే జవాబు: "మాకు తెల్దు సార్." ఈ సంగతి తెలిసి కూడా సంతోషమ్మ, జీపు వచ్చిన రోజు ఊళ్ళో ఉండక ఆదోనికి పోయింది. తర్వాత ఎన్నిసార్లు తలబాదుకుందో లెక్కలేదు.

పోయింది మొగుడి పనిమీదే. ఆమె మొగుడు ఇశ్రాయేలు తొమ్మిదేళ్ళుగా కడప జైల్లో ఉన్నాడు. డెబ్భై రెండులో కాలువ నీళ్ళ వంతు దగ్గర మాటామాటా పెరిగి, ఎల్లప్ప అనే పడుచువాణ్ణి పారతో కొట్టాడు. ఎల్లప్ప ఆ గట్టుమీదే ప్రాణం విడిచాడు. ఇద్దరూ కూలివాళ్ళే. ఆ నీళ్ళూ వాళ్ళవి కావు, ఆ చేలూ వాళ్ళవి కావు. చేలు గలవాళ్ళు మరుసటి ఏడే రాజీపడి ఒకరింటి పెళ్ళిలో ఒకరు భోజనాలు చేశారు. ఇశ్రాయేలుకు మాత్రం యావజ్జీవం పడింది.

ఆదోనిలో శ్రీపాదరావు అని కోర్టు గుమాస్తాగా చేసి రిటైరైన పెద్దాయన ఉన్నాడు. పత్తిమిల్లుకు కూలికి పోయే సంతోషమ్మ రెండేళ్ళు ఆయన అరుగు అరగదీస్తే, చివరికి గవర్నరుకు క్షమాభిక్ష అర్జీ రాసిపెట్టాడు. మొదటే చెప్పాడు కూడా. "రాసేది నేనైనా దాన్ని నిలబెట్టాల్సింది మీ ఊరు తల్లీ. విచారణకు వస్తారు. ఇశ్రాయేలు మావాడే, వస్తే ఊళ్ళో గొడవలుండవు అని నలుగురు చెప్పాలి" అన్నాడు.

సంతోషమ్మ గడప గడపకూ పోయి, గవర్నరు తరఫున ఆఫీసరు వస్తాడు, నాలుగు మంచిమాటలు సెప్పండప్పా అని బతిమాలింది. అందరూ "ఓ, దానికేం" అన్నారు. ఆఫీసరంటే తెల్లకారులో వస్తాడని ఊరు ఎదురుచూసింది. ఆమెకేమో ఒకచోట కాలు నిలవదు. కబురేమైనా వచ్చిందా అని వారం వారం ఆదోనికి పరిగెత్తేది. ఆమె అక్కడున్న రోజే, కారు కాదు, ఎమ్మిగనూరు ఠాణా జీపు ఊళ్ళోకి వచ్చింది.

సాయంత్రం బస్సు దిగి వస్తుంటే ఉచ్చీరప్ప ఎదురొచ్చాడు. పేటలో పెద్దమనిషి. ముఖం వెలిగిపోతోంది.

"గండం గడిసిందమ్మా! జీపొచ్చినాది. ఇశ్రాయేలు ఎవురు, యాడుంటాడు అని అడిగినారు. ఊరంతా ఒకటే మాట. అట్లాంటోడు మా ఊర్లోనే ల్యాడన్నాం. ఇల్లు సూపియ్యమంటే సూపిస్తామా? మేమేమన్నా ఎర్రోళ్ళమా?"

సంతోషమ్మ నెత్తి కొట్టుకుంది. "మామా, వాళ్ళొచ్చింది పట్టకపోయేకి కాదు. ఇడిసిపెట్టేకి!"

ఉచ్చీరప్ప తల అడ్డంగా ఊపాడు. "పోలీసోళ్ళు ఇడిసిపెట్టేకి రావడం యాడన్నా ఉంటాదా?" అన్నాడు. నిజంగానే నమ్మలేకపోయాడు పాపం.

తెల్లారగానే ఆమె ఠాణాకు నడిచింది. హెడ్డు కానిస్టేబులు దేవేంద్రప్ప కాగితం తీసి చదివి వినిపించాడు. సదరు వ్యక్తి గ్రామస్తులకు తెలియదు, విడుదలైనచో ఆదరించువారు ఎవరూ లేరు.

"రేపు పొద్దున పది గంటల టపాలో ఇది ఆదోనికి పోతాది. పోయినాక నీ అర్జీ గోవిందా" అన్నాడు.

"నేనుండాను కదా సార్, పెండ్లాన్ని!"

"పెండ్లాం రావద్దంటాదా? నీ మాట చెల్లదమ్మా. ఊర్లో వాళ్ళు ఒక్కరన్నా వచ్చి ఎస్సై ముందర చెప్పల్ల. ఒక్కరు చాలు."

ఒక్కరు. ఊళ్ళో నాలుగు వందల గడపలు. సంతోషమ్మ ఆ రోజు కూలికి పోలేదు, ముద్ద ముట్టలేదు, కాలుగాలిన పిల్లిలా ఇల్లిల్లూ తిరిగింది. పక్కింటి దేవక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది కానీ ఠాణా మెట్లు ఎక్కనంది. ఉచ్చీరప్ప అసలు గుట్టు విప్పాడు. "నిన్న తెల్దని, ఈపొద్దు తెలుసంటే, అబద్ధం సెప్పినారని మమ్మల్నే లోపలేస్తారు పాపా." ఆమెకు ఊరిమీద ఒళ్ళు మండిపోయింది. వేరేవాళ్ళ మొగుడి గురించి జీపొచ్చి అడిగితే తను మాత్రం ఏమనేది? తెలీదనే కదా! అది తలుచుకుంటే మంట ఇంకా ఎక్కువైంది.

పొద్దు వాలేసరికి ఒక్క గడప మిగిలింది. చచ్చిపోయిన ఎల్లప్ప తల్లి మారెమ్మది. తొమ్మిదేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. బావి దగ్గర ఒకరుంటే ఒకరు రారు. సంతోషమ్మ ఆ వాకిలి ముందునుంచి మూడుసార్లు పోయింది, మూడుసార్లు వెనక్కి వచ్చింది. ఏ ముఖం పెట్టుకుని అడగాలి? నాలుగోసారి లోపలికి అడుగుపెట్టింది.

మారెమ్మ చేటలో వేరుసెనక్కాయలు ఒలుస్తోంది. తలెత్తలేదు. సంతోషమ్మ నిలబడే అంతా చెప్పింది. జీపు సంగతి, కాగితంలో ఉన్న మాట, ఒక్కరు చాలన్న మాట. చెప్పడం అయిపోయినా కాయలు చిట్లే చప్పుడు ఆగలేదు. ఇక పోదామని వెనక్కి తిరిగింది.

"టపా ఎన్ని గంటలకంటివి?" అంది మారెమ్మ.

మర్నాడు ఎనిమిది గంటలకే ఇద్దరూ ఠాణాలో ఉన్నారు. ఎస్సై పిలిపించి అడిగాడు. "ఇశ్రాయేలు అనే మనిషి నీకు తెలుసా?"

"తెల్దా సామీ! నా కొడుకును సంపినోడు."

హెడ్డు రాస్తున్న చెయ్యి ఆగింది. ఎస్సై కుర్చీలో ముందుకు వంగాడు. "వాడొస్తే ఊళ్ళో గొడవలవుతాయా?"

"గొడవకు దిగేకి నాకెవురుండారు? ఉన్నోడు పాయ. రానీయండి."

"అయితే వాణ్ణి క్షమించానంటావు."

"ఆ మాట నేనన్ల్యా." ముసలామె గొంతు పెరిగింది. "కోర్టులో వాడు నాకేం తెల్దన్న్యాడు. వకీలు అట్ల సెప్పించినాడంట. నా కొడుకు పాణం పోయేటప్పుడు ఆడుండింది వాడొక్కడే సామీ. నీళ్ళడిగినాడో, నన్ను పిలిసినాడో, నాకెవురు సెప్తారు? జైల్లో సస్తే ఆ మాట వానితోనే పోతాది. వాడొచ్చి నా ముందర కూసోని సెప్పల్ల. అందుకే రానీయండి. గవర్నరుకు అట్లే రాయండి."

ఎస్సై పాత కాగితం చింపించి, కొత్తది రాయించాడు. మారెమ్మ వేలిముద్ర వేసి, సిరా చీరకు తుడుచుకుంది.

బయటికి రాగానే సంతోషమ్మ ఆమె కాళ్ళమీద పడబోయింది. మారెమ్మ ఛట్టున వెనక్కి జరిగింది.

"నా కాళ్ళెందుకు? తొమ్మిదేండ్లు కడపకు పోయొస్తాండావే, నువ్వన్నా అడిగినావా వాణ్ణి, నా కొడుకు పోతా పోతా ఏమన్న్యాడని?"

సంతోషమ్మ మొగుణ్ణి తిన్నావా అని అడిగింది, దగ్గు తగ్గిందా అని అడిగింది, ఎప్పుడు వదులుతారో చెప్పారా అని పోయినప్పుడల్లా అడిగింది.

"అడగల్యా అత్తా."

మారెమ్మ కొంగు నెత్తిన కప్పుకుని ఊరిదారి పట్టింది. సంతోషమ్మ నాలుగడుగుల వెనక నడిచింది. అర్జీ నిలబడింది, మొగుడు రావచ్చు. వచ్చినవాణ్ణి తన ఇంటికంటే ముందు ఎవరి వాకిట్లో కూర్చోబెట్టాలో ఆమెకు తెలుసు. అక్కడ అతని నోట ఏ మాట వస్తుందో తెలీదు. ఆ మాట విన్నాక అతనికి అన్నం ఎట్లా పెట్టాలి? తొమ్మిదేళ్ళలో మొదటిసారి, మొగుడు వస్తాడంటే ఆమెకు భయమేసింది.