డిప్ప వదిలే పూట

రెదెంతో పీతను తిరగేసి పొట్టవైపు ఒక్క చూపు చూశాడంటే చాలు, అది ఎప్పుడు డిప్ప వదులుతుందో చెప్పేస్తాడు. మంత్రమేం కాదు. అంచున సన్నగా ఒక గీత కనపడుతుంది, అంతే. కాకపోతే ఆ గీత మీకూ నాకూ కనపడదు. బురానో దీవిలో పీతలేరే బల్ల ముందు కూర్చుని నడుం వంగిపోయినవాళ్ళకే కనపడుతుంది.

వలలో పడ్డవాటిని బల్ల మీద పోసి కుప్పలు చేస్తారు. ఇవాళో రేపో డిప్ప వదిలేవి ఒక కుప్ప. ఇంకాస్త ఆగాల్సినవి ఇంకో కుప్ప, వాటిని ‘మంచివి’ అంటారు. ఈ ఏడు ఇక వదలవు అనుకున్నవి ‘పిచ్చివి’, వాటిని మళ్ళీ నీళ్ళలోకి తోసేస్తారు. ఇవాళో రేపో అన్నవాటిని మాత్రం మిగతావాటికి దూరంగా వేరే చెక్కపెట్టెలో వేసి కాలవలో వేలాడదీయాలి. డిప్ప వదిలిన పీత వెన్నముద్దలా ఉంటుంది మరి, గట్టివి దాన్ని బతకనిస్తాయా? ఆ మెత్తదనం కూడా ఒక్క పూటే. ఆ పూటలో చూసి పైకి తీస్తే గుడ్డుసొనలో నానబెట్టి, పిండి అద్ది, వేయించుకుని మొత్తంగా నమిలి తినొచ్చు. చూడలేదా, మళ్ళీ రాయి.

బల్లకి ఆ పక్కన ఫియోరెంజా కూర్చుంటుంది. ఆమె భర్త సిల్వానో, రెదెంతో ఒకే పడవలో పెరిగి పెద్దయినవాళ్ళు. సిల్వానో గుండె ఆగి పోయాక పడవలో సగం, బల్లలో సగం ఆమెవయ్యాయి. అప్పట్నించీ పొద్దున్నే రబ్బరు గుడ్డ నడుముకి చుట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చుని ఏరుతుంది. రెదెంతోకి ఆమె అంటే ప్రాణం. ఇప్పటిది కాదు, సిల్వానో ఆమెను చేసుకోకముందు నించీ ప్రాణం. ఆ సంగతి దీవిలో పిల్లులకి కూడా తెలుసు. ఆమెకొక్కదానికే తెలియదనుకునేవాడు ఆ వెర్రిబాగులవాడు.

స్నేహితుడి భార్య, పైగా మొగుడు పోయిన మనిషి, నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారని మడి కట్టుకుని కూర్చున్నాడు. చెయ్యి తగులుతుందని పీతల బుట్టని బల్ల మీద పెట్టి జరిపేవాడే గాని ఏనాడూ చేతికిచ్చిన పాపాన పోలేదు. ఎర్మానో సారాకొట్లో పేకాట దగ్గర అందరూ వీడి మీద పడి ఏడిపించేవాళ్ళు. ఒరేయ్, నువ్వు పిచ్చి కుప్పలోవాడివిరా, నిన్ను నీళ్ళలోకి తోసెయ్యాలి అనేవాడు ఎర్మానో. రెదెంతో నవ్వేసి ఇంకో గ్లాసు పోయించుకునేవాడు. అతనికి కావలసిందల్లా రోజూ పొద్దున్న ఆమె వచ్చి ఆ పీట మీద కూర్చోవడం. అది ఉన్నంత కాలం ఏ లోటూ లేదనుకున్నాడు.

అంతలో నీలిపీత వచ్చి పడింది.

ఎక్కడో అమెరికా తీరంలో పుట్టిన జాతి. ఓడల అడుగున నింపుకొచ్చే నీళ్ళతో ఇటు దిగిందని అంటారు. చాలా ఏళ్ళు ఎప్పుడో ఒకటి కనపడితే జనం ముచ్చటపడి ఫొటోలు తీసుకున్నారు. తర్వాత నీళ్ళు వెచ్చబడ్డాయి, దాన్ని తినే మొనగాడు ఇక్కడ ఎవడూ లేకపోయె, ఇంకేముంది! ఒక్కో ఆడది లక్షల గుడ్లు పొట్టకింద నారింజరంగు ముద్దగా మోసుకుంటూ దీవి చుట్టూ పరుచుకున్న ఉప్పుకయ్య దాటి సముద్రంలోకి పోతుంది. కంటికి ఆనని పిల్లలు నీటివాలున కొట్టుకుపోయి ఎక్కడ అడుగు ఆనితే అక్కడ కాపురం పెడతాయి. వెనక కాళ్ళు తెడ్లలా ఉంటాయి, చేపతో సమానంగా ఈదుతుంది. ఆడదాని డెక్కల కొసలు గోళ్ళరంగు వేసుకున్నట్టు ఎర్రగా ఉంటాయి. ఆ సోకులాడి ఆల్చిప్పల మళ్ళన్నీ నమిలేసింది, వలలు కోసి పోగులు పెట్టింది, రెదెంతో ఏరుకునే చిన్న ఆకుపచ్చ పీతల్ని దొరికినవి దొరికినట్టు మింగేసింది.

ఆ ఏడు చలికాలం ముందటి పీతల కారు మొదలయ్యేసరికి బల్ల మీద పోయడానికి గుప్పెడు పీతలు కూడా లేవు. ఉన్న నాలుగూ పిచ్చివే. ఫియోరెంజా రబ్బరు గుడ్డ విప్పి మడతపెట్టి, అవతలి ఒడ్డున మెస్త్రేలో చెల్లెలికి బట్టలుతికే కొట్టు ఉందనీ, రమ్మని ఎప్పట్నించో పోరుతోందనీ, ఏరడానికి పీతే లేనప్పుడు తానిక్కడ ఎవర్ని చూస్తూ కూర్చోవాలనీ అంది. ఆ ఆఖరి ముక్క అంటూ అతనివైపు చూసింది కూడా. రెదెంతో బల్ల కడుగుతున్నాడు.

మర్నాడు ఒక ఆలోచన తట్టింది. ఈ నీలిదాన్ని కూడా మెత్తగా ఉండగా పట్టుకోగలిగితే? అప్పుడు బల్ల ఉంటుంది, బల్ల ఉంటే పీట ఉంటుంది, పీట ఉంటే మనిషి ఉంటుంది. వెంటనే పడవేసుకుని పోయాడు. మగపీతలు కొన్ని పొట్టకింద ఆడపీతను పొదువుకుని తిరుగుతూ దొరికాయి. డిప్ప వదిలేముందు ఆడదాన్ని మగవాడు అలా మోసుకు తిరుగుతాడు. రెదెంతో చేతులు ముప్పై ఏళ్ళుగా ఏ పని చేస్తున్నాయో అదే చేశాయి. మెత్తబడబోయేది వేరు, గట్టిది వేరు. మగవాణ్ణి డెక్కలు పట్టి ఊడబెరికి బకెట్లో పడేశాడు. ఆడవాటన్నిటినీ భద్రంగా ఒక పెట్టెలో పెట్టి కాలవలోకి దించాడు.

తెల్లారి పెట్టె ఎత్తితే చెత్త. నాలుగు ఎర్రకొసల డెక్కలు, చిరిగిన డిప్పలు, ఇంత గుజ్జు. మొదట డిప్ప వదిలినదాన్ని మిగతావి తిన్నాయి, తర్వాత వదిలినదాన్ని మిగిలినవి తిన్నాయి. అతను ఆ పెట్టె ముందు గొంతుక్కూర్చుని ఉండగా ఫియోరెంజా వచ్చి చూసింది. ముందు నవ్వింది. తర్వాత నవ్వలేదు.

“మగవాడేడీ?”

“తీసేశాను. గట్టివాడు కదా, తినేస్తాడు.”

“తినడయ్యా. డిప్ప గట్టిపడేదాకా ఆమె చుట్టూ కాళ్ళేసి కాపలా ఉంటాడు. ఎవర్నీ దగ్గరకి రానివ్వడు. మొన్న చర్చి హాల్లో పీతల మీద చదువుకున్న డాక్టరమ్మ బొమ్మలేసి మరీ చూపించింది.”

డాక్టరమ్మ వచ్చిన ఆ సాయంత్రం ఊరంతా హాలుకి పోతే రెదెంతో మాత్రం, పీత గురించి నాకొకరు చెప్పాలా అని ఎర్మానో కొట్లో కూర్చున్నాడు. ఆమె గట్టుమీద కూర్చుని, ఒక డెక్క చేతిలోకి తీసుకుని, దాన్నే చూస్తూ నెమ్మదిగా అంది.

“నన్నూ ఇలాగే చేశావు నువ్వు. సిల్వానో పోయిన ఆ చలికాలం గుర్తుందా? చేపల సంచీ తలుపు గొళ్ళేనికి తగిలించి, తలుపైనా తట్టకుండా వెళ్ళిపోయేవాడివి. జాగ్రత్తగా, దూరంగా. నేను లోపల రెండు పళ్ళేలు పెట్టుకుని కూర్చునేదాన్ని.”

లేచి వెళ్ళిపోయింది. రెదెంతో అక్కడే ఉన్నాడు. రెండు పళ్ళేలు. ఆ మాట గుండెలో ముల్లులా దిగింది. ఆ చలికాలం ఆ తలుపు ముందు తను ఎంతసేపు నిలబడేవాడో, లోపల వెలుగు చూసి ఎంత ఆశపడేవాడో, అంతలోనే తన్ను తాను తిట్టుకుంటూ ఎలా వెనక్కి తిరిగేవాడో అన్నీ గుర్తొచ్చాయి. తలుపుకి ఇటు అతను, అటు ఆమె.

తర్వాత దొరికిన జంటను విడదీయలేదు. ఆ ఒక్క జంటకే ఒక పెట్టె ఇచ్చి వేలాడదీశాడు. గట్టు వదలకుండా కనిపెట్టుకుని ఉన్నాడు. ఓ మధ్యాహ్నం ఆడది మగవాడి నీడలోనే డిప్ప విడిచింది. మగవాడు కాళ్ళన్నీ చుట్టూ పాతి, పైన పందిరిలా నిలబడ్డాడు. రెదెంతో పరుగున పోయి ఫియోరెంజాను పిలుచుకొచ్చాడు. ఇద్దరూ వంగి చూశారు. కింద ఆమె మెత్తగా, కొత్తగా, ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. బయటికి తీసి, కొట్లో వేయించి అమ్మమని ఎర్మానోకి చూపిస్తే రేపట్నించీ బల్ల మళ్ళీ నిండుతుంది. ఇద్దరికీ చెయ్యి రాలేదు.

ఫియోరెంజా తలెత్తి అతని మొహంలోకి చూసింది. చెప్పు అన్నట్టే చూసింది. రెదెంతోకి నాలుక మీదదాకా వచ్చింది. వచ్చిన మాట వేరు, బయటపడ్డ మాట వేరు.

“పని సాగేట్టే ఉంది. బల్లకి మనిషి కావాలి.”

ఛీ, ఏం మనిషండీ! ఆమె చేతులు తుడుచుకుని, శనివారం లాంచీకి వెళ్తున్నానని చెప్పింది.

శనివారం ఆమె రేవులో సంచీ పట్టుకుని నిలబడి ఉండగా రబ్బరు బూట్లతోనే వచ్చాడు. లాంచీ పక్కదీవి మజ్జోర్బో మలుపు తిరిగి ఇటు వస్తోంది. ఇక ఆలోచించే వ్యవధి లేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“వెళ్ళకు.”

“బల్ల కోసమా?”

“బల్లని తగలెట్టు. నా కోసం.”

ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కళ్ళు మాత్రం నిండాయి.

“ఈ మాట ఆ చలికాలం అని ఉండాల్సింది. అప్పుడు మెత్తగా ఉన్నాను రెదెంతో. ఎవరైనా పట్టుకుంటే చాలన్నట్టు ఉన్నాను. ఎవరూ పట్టుకోలేదు. అలా అలా గట్టిపడ్డాను.”

“గట్టిపడ్డది మళ్ళీ డిప్ప వదులుతుంది,” అన్నాడు. “వసంతంలో వదులుతుంది, చలి ముందు వదులుతుంది. పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ చూస్తున్నాను.”

“అది మన పీత. ఆ నీలి ఆడదానికి ఈడొచ్చిన పూట వదిలే డిప్పే ఆఖరిది. ఆ ఒక్కసారే మగవాడి పొందు కూడా. తర్వాత సముద్రంలోకి పోతుంది, మళ్ళీ మెత్తబడదు. ఇదీ హాల్లో చెప్పారు.”

లాంచీ వచ్చి గట్టుకి ఒరుసుకుంది. తాడు వేశారు. దిగేవాళ్ళు దిగుతున్నారు.

“మరి నువ్వు ఏ పీతవి?” అని అడిగాడు.

ఆమె చెయ్యి విడిపించుకుని సంచీ అందుకుంది. ఒక కాలు లాంచీలో పెట్టి వెనక్కి తిరిగింది.

“అది చూసి చెప్పడం నీ పని కదయ్యా.”

కిటికీ పక్కన కూర్చుంది. అతనివైపే మొహం తిప్పి కూర్చుంది, బాగా కనపడేట్టు. లాంచీ మలుపు దాటేదాకా రెదెంతో ఆ మొహాన్ని చూస్తూనే ఉన్నాడు, ఏ పీతనీ ఏనాడూ చూడనంత పట్టిపట్టి. ఆ సన్నటి గీత ఉన్నట్టే అనిపించింది. అంతలోనే లేనట్టూ అనిపించింది.