ఆడ ఎలుకలు

కృపమణి రాగిజావ ఉండకట్టకుండా గరిటె తిప్పుతుంటే, భర్త జయపాల్ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"మా అమ్మకు ఊరికూరికే మాత్రలు మింగించాకు. శానా గట్టి మనిషి, ఓర్చుకుంటాది."

ప్రేమగానే అన్నాడు. కృపమణికి సిజేరియన్ అయినప్పుడూ ఇదే మాట అన్నాడు. ఆమె దాన్ని మెప్పుదల అనుకుంది, కుట్లు మానకముందే చపాతీలు వత్తింది. గట్టి మనిషి అనిపించుకున్న ఆడదానికి నొప్పి అని చెప్పుకునే నోరు ఉండదని అప్పుడు తెలియలేదు.

అత్త ఏసుమణికి గర్భసంచి తీసేశారు. రాయచోటి పక్క పల్లె నుంచి కర్నూలు తెచ్చి తన దగ్గరే పెట్టుకుంది కృపమణి. ఆ ఉదయం దుప్పటి మారుస్తుంటే దిండు కింద మాత్రలు దొరికాయి.

"మింగినానన్నావు కదత్తా!"

"నొప్పిమాత్రలు పేగులకు మంచివి కావంటారమ్మీ. ఐనా ఇంతదానికి ఎందుకులే. పిల్లలు పుట్టకుండా కోసినప్పుడు మూడోపొద్దుకే చెనిక్కాయ పీకేకి పోయినా. ఎవురన్నా మాత్ర ఇచ్చినారా?"

కృపమణి మంచం మీద కూర్చుని అత్త కాళ్లు ఒళ్లోకి తీసుకుంది. నొప్పిమందులు పేగులకు ఏం చేస్తాయన్నదే, ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతూ ఆమె చేస్తున్న పరిశోధన. ఎలుకలకు కడుపు కోసి కుట్టాక, ఏ నొప్పిమందు పేగు వాపును తగ్గిస్తుంది, ఏది పేగు కదలికను మందగింపజేస్తుంది అని చూడటం. ఆ సంగతే అత్తకు చెప్పింది.

"ఎలకలకూ నొప్పిమందు ఇస్తారా?" ఏసుమణి కళ్లు పెద్దవి చేసింది.

"ఇయ్యకుంటే కోయనియ్యరత్తా. అది రూలు."

ఏసుమణి పైకప్పు వైపు చూసింది. "పోనీలే. వాటికన్నా ఉండాది," అంది. ఆ గొంతులో ఈర్ష్య లేదు, నిజంగానే ఎలుకల మీద జాలి. కృపమణి అత్త పాదాలు నిమిరింది.

"ఎట్లుంటాయవి? పిల్లలు పెడతాయా ఆడనే?"

"లేదత్తా, అన్నీ మగవే. ఆడవాటి ఒంట్లో మార్పులు ఎక్కువ, లెక్కలు చెడిపోతాయంటారు మా సారు."

అన్నాక తన మాట తనకే వినిపించింది. అత్త చెయ్యి కుట్ల మీద ఆని ఉంది. రేపు తన లెక్కలు ఎంత చక్కగా తేలినా, ఈ కడుపు సంగతి వాటిలో ఉండదు. తన కడుపు సంగతీ ఉండదు. ఆడవాటితో లెక్కలు చెడిపోతాయన్న ఆ వాక్యాన్ని ఇన్నేళ్లుగా తనే కాలేజీ పిల్లలకు నోట్సుగా చెప్పి రాయించింది.

మాత్ర, నీళ్లు అందించింది. "ఇది మీ డాక్టరు నీ పేరు మీద రాసింది. నువ్వు గట్టిదానివని నాకు తెలుసు. నాకోసం మింగు."

ఏసుమణి కోడలి మొహం చూసి మాత్ర మింగింది. కాసేపటికి నుదుటి ముడతలు విడిపోయాయి. నోరు తెరుచుకుని చిన్నపిల్లలా నిద్రపోయింది.

మధ్యాహ్నం కృపమణి కాలేజీలో తన పరిశోధన గైడు దగ్గరికి వెళ్లింది. "సార్, ఆడ ఎలుకల మీద కూడా చేస్తాను."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇంకో ఏడాది పడుతుందమ్మా. సంసారం గలదానివి. ఇంట్లో అడిగి చెప్పు."

"అడిగేదేం లేదు సార్. ఇంటికి పోయి చేస్తున్నానని చెప్తాను."