కలపని మాత్రలు

బట్టీలోంచి పొడవాటి చెక్కపారతో రొట్టెలు లాగి బల్లమీదకు జారుస్తూ, వాయికీ వాయికీ మధ్య ఎలాదియో ఆగి ఊపిరి కూడగట్టుకుంటున్నాడు. పాలలాంటి జుట్టు, కందిపోయిన మెడ, ముక్కుకు ఆనించుకుంటే తప్ప గడియారం ముల్లు కనపడని కళ్ళు. పుట్టుకతో వచ్చిన జబ్బు. వాళ్ళ ఊరు అగ్వాడియా చుట్టుపక్కల వీధికొకరికైనా ఉంటుంది, లోకంలో మరోచోట వెతికినా ఇంతమంది దొరకరు. వయసు ముదిరేసరికి ఊపిరితిత్తులు తోలులా బిగుసుకుపోతాయి. గుప్పెడు మందికి మందు కనిపెట్టాలని ఎవరికి తొందర? ఎండకు జడిసి బతుకంతా తెల్లవారుజాము పనే చేసుకున్న ఎలాదియో మాత్రం, ఎవరో ఒకరు మొదలెట్టారు గదా, అదే పదివేలు అనుకునేవాడు.

తెల్లారాక ఆసుపత్రి వ్యాను వచ్చింది. రెండు వేడి రొట్టెలు సంచిలో వేసుకుని ఎక్కాడు. రాజధాని సాన్ హువాన్ దాకా ప్రయాణం. లోపలున్న వాళ్ళంతా తెల్లజుట్టువాళ్ళే, అంతా ఆ మందు పరీక్షలో ఉన్నవాళ్ళే. కొందరి సీసాల్లో కొత్త మందు, కొందరి సీసాల్లో ఉత్త పిండిమాత్రలు. ఎవరిదేదో డాక్టరుకూ తెలియదు.

"ఎండకు ఒళ్ళు మండితే అసలు మందట," అన్నాడు వెనకనుంచి ఒకడు.

"అయితే నేను మా అమ్మ కడుపులో ఉన్నప్పట్నుంచీ మింగుతున్నట్టే," అంది ఎలాదియో పక్కింటి నీవియా.

వ్యానంతా నవ్వింది. నవ్వినందుకు దగ్గింది.

నీవియా ఒళ్ళో తువ్వాలు పరిచింది. "సీసాలు ఇటివ్వండి. అన్నీ కలిపి సమంగా పంచుతా. ఒకడు మందుతో, ఒకడు పిండితో పోవడమేంటి?"

ఆ ఊరు అంతే. తుఫాను తర్వాత వీధికి ఒక్క పొయ్యి మిగిలినా అందరూ తినేవారు. సీసాలు ఒకటొకటే ముందుకొచ్చాయి. ఎలాదియో తన సీసా చొక్కాలోకి దోపుకున్నాడు.

"ఏరా, నీదే అసలు మందని కలొచ్చిందా? పిసినారి సచ్చినోడా!" అంది నీవియా.

"నాది పిండే అయ్యుంటుందక్కా. రెండు మెట్లెక్కితే చాలు, ప్రాణం పోతోంది." కాసేపు రొప్పాడు. "కలిపేస్తే అందరం ఒక్కలాగే కనపడతాం. మందు పనిచెయ్యలేదని తలుపు మూసేస్తారు. మళ్ళీ ఇంతమందిని ఎక్కణ్ణుంచి తెస్తారు? నీ మనవరాలిదీ తెల్లజుట్టే గదా."

నీవియా విసురుగా ఎవరి సీసాలు వాళ్ళకు తిరిగిచ్చేసింది. దారంతా అతని మొహం చూడలేదు. అతనిచ్చిన రొట్టె మాత్రం తింది.

ఆసుపత్రిలో నర్సు గొట్టంలోకి ఊదమంది. గీత కిందటిసారి అందుకున్న చోటికి కూడా రాలేదు. బతికుండగా ఊపిరితిత్తి ముక్క కోసి చూద్దామంటే ఈ జబ్బున్నవాళ్ళకు నెత్తురు గడ్డకట్టదు. పోయాక ఊపిరితిత్తులు తీసుకోండని ఎలాదియో ఎప్పుడో చెప్పేశాడు.

"బాధపడకండి," అంది నర్సు.

"బాధెందుకమ్మా? మా అమ్మ ఇలాగే ఎగరొప్పుతూ పోయింది. ఊదమని అడిగిన నాథుడు లేడు. మీరు అడుగుతున్నారు."

సాయంత్రం బేకరీకి వెళ్ళి, రేపటి పిండి పిసికి తడిగుడ్డ కప్పాడు. గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. రొట్టెకోసం వచ్చిన నీవియా అతని చెయ్యి పట్టుకుని లేపబోతే, ఆ చెయ్యి చల్లగా తగిలింది.

ఏడుపు తర్వాత. ముందు సాన్ హువాన్ ఆసుపత్రికి ఫోన్ చేసింది. "త్వరగా రండి. ఇస్తానన్నవి పాడవకముందే తీసుకోండి." ఒక్క క్షణం ఆగి, "మాత్రలు మేం కలపలేదు," అంది. అదెందుకు చెబుతోందో అవతలివాళ్ళకు అర్థం కాలేదు.

వాళ్ళొచ్చి అతన్ని తీసుకెళ్ళాక, ఖాళీ బేకరీలో గంగాళం నిండా పిండి, తడిగుడ్డను మెల్లమెల్లగా పైకెత్తుతూ పొంగుతోంది.