సీటు కింద ఎర్ర టేపు

పళ్ల మేస్త్రికి కుదురుగా కూర్చోవడం పుట్టుకతోనే రాదు. అన్నం మధ్యలో లేస్తాడు. ఫోను వస్తే గది నాలుగు మూలలూ కొలుస్తూ మాట్లాడతాడు. సినిమాకు తీసుకెళ్తే ఇంటర్వెల్ పడేలోపు రెండుసార్లు బయటికి వెళ్లొస్తాడు. అలాంటి మనిషి తొమ్మిదేళ్లుగా ఒకే స్టూలు మీద కూర్చుని జనానికి పళ్లసెట్లు చేస్తున్నాడంటే నమ్ముతారా? చేస్తున్నాడు మరి. డాక్టర్లు పేషెంటు నోటి అచ్చు తీసి పంపుతారు. ఇతను దాని మీద మైనం పోసి, ఒక్కో పన్నూ నిలబెట్టి, వెంట్రుకవాసి తేడా రాకుండా సెట్టు తయారు చేస్తాడు. సొంత ల్యాబు. ఆ వీధిలో డాక్టర్ల దగ్గర్నుంచి మందుల షాపువాళ్ల దాకా అందరికీ అతను పళ్ల మేస్త్రే.

ల్యాబు పెట్టకముందు అతను సైకిలిస్టు. కూరగాయలకు వెళ్లే సైకిలు కాదండోయ్! సన్నటి టైర్లు, కిందికి వంగిన హ్యాండిలు, ఒంటి చేత్తో ఎత్తితే లేచొచ్చే రేసు సైకిలు. క్లబ్బువాళ్లు ఆదివారం బయల్దేరితే అందరికన్నా ముందుండే చక్రం ఇతనిదే. తర్వాత ల్యాబు వచ్చింది, సైకిలు బాల్కనీలో మూలకు చేరింది, పొట్ట ముందుకొచ్చింది. ఎవరైనా అడిగితే మాత్రం, 'ఆ, మొన్నటిదాకా తొక్కాను' అనేవాడు. ఆ మొన్నకు తొమ్మిదేళ్లు.

ఒక ఆదివారం మధ్యాహ్నం కూతురు ఒక ఫారం తెచ్చి బల్ల మీద పెట్టింది. పిల్లకు పదిహేడు. బయట పెద్ద పేరే ఉంది గానీ ఇంట్లో పిట్ట. రెండేళ్లుగా అదే క్లబ్బులో తొక్కుతోంది.

"నాన్నా, వంద కిలోమీటర్ల రైడు. ఐదున్నర గంటల్లో పూర్తి చేస్తే జూనియర్ల జట్టులోకి తీసుకుంటారు."

"తొక్కు. నీకేం భయం?"

"ఒక్కదాన్నే తొక్కనివ్వరు. పద్దెనిమిది నిండనివాళ్లకి ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు తోడు తొక్కాలంట. ఇద్దరం కలిసే గీత దాటాలి. తోడు ఆగిపోతే నేనూ ఆగిపోయినట్టే."

"వచ్చే ఏడు ఒక్కదానివే తొక్కొచ్చుగా?" అంది వాళ్లమ్మ వంటగదిలోంచి.

"వచ్చే ఏడు నేను జూనియర్‌ని కాదమ్మా. ఇప్పుడు కాకపోతే ఇంక లేదు."

మేస్త్రి పెన్ను తీసి టకీమని సంతకం పెట్టేశాడు. భార్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఆ సంతకం చూసింది. ఆవిడ బడిలో లెక్కల టీచరు, మాట కూడా లెక్కలాగే సూటిగా ఉంటుంది.

"ఎన్నాళ్లుంది?"

"ఎనిమిది వారాలు."

"తొమ్మిదేళ్లు కూర్చున్న ఒళ్లు ఎనిమిది వారాల్లో లేస్తుందా? నాకైతే కుదరట్లేదు ఈ లెక్క."

"నీ లెక్కలు నీ బడిలో చెప్పుకో" అన్నాడు మేస్త్రి, అప్పటికే బాల్కనీ తలుపు తీస్తూ.

దుమ్ము దులిపాడు. బీటలు వారిన టైర్లు పీకి కొత్తవి వేశాడు. గొలుసు కడిగి నూనె పెట్టాడు. అన్నీ అయ్యాక, సీటును మోసే గొట్టం మీద చుట్టి ఉన్న ఎర్ర టేపును వేలితో తడిమాడు. అతను మంచి ఊపులో ఉన్న రోజుల్లో నెల రోజులు కుస్తీపట్టి కుదుర్చుకున్న ఎత్తు అది. సీటు ఎప్పుడు విప్పినా మళ్లీ సరిగ్గా అక్కడికే బిగించాలని టేపు చుట్టుకున్నాడు. ఇప్పుడూ సరిగ్గా అక్కడికే బిగించాడు. మొహం వెలిగిపోయింది.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాడు. పన్నెండో కిలోమీటరుకు చుక్కలు కనిపించాయి. ఒక బడి గోడ పక్కన సైకిలు ఆనించి, గుండె మీద చెయ్యేసుకుని, ఇద్దరు ముసలాయనలు కబుర్లాడుకుంటూ తనను దాటి నడిచిపోవడం చూశాడు. ఇంటికొచ్చి మాత్రం, "గాలి ఎదురుగా ఉంది" అన్నాడు. మర్నాడు తప్పు టైర్లది. ఆ మర్నాడు రోడ్డుది. నాలుగో రోజు తప్పంతా తాగిన కాఫీ మీదకు తోశాడు.

అయినా మానలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. రెండో వారానికి ఇరవై, నాలుగో వారానికి నలభై కిలోమీటర్లు. ఊపిరి దారిన పడింది, పొట్ట కొంచెం లోపలికి వెళ్లింది. కానీ మోకాలి వెనక ఒక నరం పట్టుకుంది. మెట్లు దిగితే కలుక్కుమంటుంది. ల్యాబులో కూర్చుంటే ఆ కాలు దానంతటదే ఊగుతుంది, బల్ల కదులుతుంది, మైనంలో నిలబెట్టిన పన్ను పక్కకు ఒరుగుతుంది. తిట్టుకుని మళ్లీ నిలబెడతాడు. లేస్తాడు, కిటికీలోంచి రోడ్డు చూస్తాడు, కూర్చుంటాడు, మళ్లీ లేస్తాడు. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడని పక్క షాపాయన నవ్వాడు. నొప్పి మందు డబ్బా పళ్ల పెట్టెల వెనక దాచాడు. ఇంట్లో తెలిస్తే ఇంకేమన్నా ఉందా?

ఐదో వారం తండ్రీకూతుళ్లు కలిసి తొక్కారు. వెనకనుంచి వస్తూ పిట్ట చాలాసేపు చూసి, పక్కకొచ్చింది.

"నాన్నా, తొక్కుతుంటే నీ నడుం అటూ ఇటూ ఊగుతోంది. కాలు పెడల్‌కి అందడానికి సాగదీస్తున్నావు. సీటు ఎత్తెక్కువైందేమో, దించి చూద్దామా?"

మేస్త్రికి చిర్రెత్తుకొచ్చింది.

"నువ్వు మూడు చక్రాల సైకిలు తొక్కేటప్పుడు పెట్టిన గుర్తే అది! ఆ ఎత్తు మీదే ఈ ఊళ్లో అందరినీ వెనక్కి నెట్టాను. నాకు నేర్పొస్తున్నావా?"

పిట్ట మొహం చిన్నబోయింది. వేగం తగ్గించి మళ్లీ వెనక్కి వెళ్లిపోయింది. మేస్త్రికి తప్పని తెలుసు. తెలిసీ ఒప్పుకోలేదు, అంత మొండిఘటం.

ఆరో ఆదివారం క్లబ్బువాళ్ల పరీక్ష. తోడు వచ్చే పెద్దవాళ్లు ముందుగా పిల్లలతో కలిసి అరవై కిలోమీటర్లు మూడు గంటల్లో తొక్కి చూపించాలి. పరీక్ష పెట్టేది క్లబ్బు కార్యదర్శి, రిటైరైన డ్రిల్లు మాస్టారు. అందరూ ఆయన్ని గడియారం మాస్టారంటారు. మెడలో ఒక స్టాప్‌వాచీ, చేతికి ఇంకో వాచీ, రెండూ చూసుకుని గానీ మాట్లాడడు.

ముప్పై కిలోమీటర్లకు మోకాలు మొరాయించింది. నలభై ఐదుకు అరచేతులు తిమ్మిరెక్కాయి. పిట్ట ముందుకు వెళ్లడం, ఆగడం, వెనక్కి తిరిగి చూడడం, మళ్లీ వెళ్లడం. మేస్త్రి గేటు దగ్గరికొచ్చేసరికి గడియారం మాస్టారు రెండు వాచీలూ చూసుకున్నాడు.

"మూడు గంటల ఇరవై రెండు. ఏంటయ్యా ఇది? ఒకప్పుడు నిన్ను చూసి నేను పిల్లలకి చెప్పేవాణ్ణి."

"మాస్టారూ, ఇంకొక్కసారి..."

"వచ్చే ఆదివారం. అదే ఆఖరు. అప్పటికీ కాకపోతే పిల్ల పేరు కొట్టేస్తాను. నాకూ బాధే, కానీ దారి మధ్యలో నువ్వు కూలబడితే దాని గతేంటి?"

ఇంటికి వెళ్తుంటే పిట్ట అంది, "పోనీలే నాన్నా. నాకేం బాధ లేదు." తిట్టినా బాగుండేదనిపించింది మేస్త్రికి. కూతురు తనను ఓదార్చే రోజు వచ్చిందే అని ప్రాణం ఉసూరుమంది.

సోమవారం పదకొండింటికి ల్యాబులో ఫోను మోగింది. ఎప్పటినుంచో పని ఇచ్చే పళ్ల డాక్టరు.

"మేస్త్రీ, మన పెద్దావిడ ఒకరు పళ్లసెట్టు పోగొట్టుకున్నారు. కదల్లేని మనిషి, క్లినిక్కి రాలేరు. తొమ్మిదేళ్ల కిందట నువ్వు చేసినప్పటి అచ్చు నీ దగ్గర ఉంటుందిగా? దాని మీదే ఇంకో సెట్టు కట్టెయ్యి."

మేస్త్రి ఒంటికాలి మీద లేచాడు.

"ఎలా కడతానండీ? తొమ్మిదేళ్లలో చిగుళ్లు అరిగిపోవా? దవడ కుంగిపోదా? ఆ రోజుకి అది బ్రహ్మాండమైన కొలతే, కాదన్లేదు. ఇవాళ ఆవిడ నోట్లో పెడితే పైకి లేస్తుంది, ఒరుసుకుపోతుంది, పుండు పడుతుంది. తప్పు ఆవిడదీ కాదు, అచ్చుదీ కాదు. నోరు మారింది, అంతే. మీరే ఇంటికెళ్లి కొత్త అచ్చు తీసి పంపండి. పాత కొలత మీద నేను చచ్చినా పని చెయ్యను!"

"సరేలే, అరవకు" అని డాక్టరు పెట్టేశాడు.

మేస్త్రి ఫోను పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇప్పుడు తను ఎవరిని తిట్టాడు? మోకాలు కలుక్కుమంది. పొద్దున తొక్కుకుంటూ వచ్చి గోడవారగా ఆనించిన సైకిలు మీద, సీటు కింద, ఎర్ర టేపు కనిపించింది. "ఓరి నా బుద్ధి మండా!" అన్నాడు పైకే. ల్యాబులో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

తాళం వేసి సైకిలు తీసుకుని ఇంటికెళ్లాడు. పిట్ట కాలేజీ నుంచి వచ్చేది నాలుగింటికి. అప్పటిదాకా బాల్కనీకీ వాకిలికీ మధ్య ఎన్నిసార్లు తిరిగాడో లెక్కల టీచరుకే తెలియాలి, ఆవిడ ఇంకా బడి నుంచి రాలేదు. పిట్ట సంచీ దించకముందే అన్నాడు.

"ఆ రోజు నిన్ను అనవసరంగా కసిరాను. తప్పు నాదే. నా కొలత తియ్యి."

పిట్ట ఒక్క క్షణం అర్థంకానట్టు చూసి, పరిగెత్తి సీటు బోల్టు విప్పే అలెన్ కీ తెచ్చింది. అతను గోడ పట్టుకుని సీటు మీద కూర్చుంటే, మడమ పెడల్ మీద పెట్టించి కాలు ఎంత సాగుతోందో వంగి చూసింది. సీటు దించాలంటే ముందు టేపు పీకాలి, లేకపోతే గొట్టం లోపలికి పోదు. మేస్త్రే గోటితో పీకాడు. ఏళ్లనాటి జిగురు, ఓ పట్టాన రాలేదు.

"రెండు వేళ్లు దించాలి నాన్నా."

"ఒక వేలు చాలు."

"రెండు."

"ఒకటంటే ఒకటే! రెండు వేళ్లు దించితే పిల్లల సైకిల్లా ఉంటుంది." మనిషి మారాడు గానీ మరీ అంత మారలేదు.

పిట్ట ఒక వేలు దించి, హ్యాండిలు కొంచెం ఎత్తి, "టేపు చుట్టనా?" అంది.

"వద్దు. పెన్సిలుతో గీత పెట్టు చాలు. మళ్లీ చెరపాల్సి వస్తుందేమో."

ఆ వారం నొప్పి సగం తగ్గింది. సగం తగ్గలేదు. ఆ మిగిలిన సగం ఎందుకు తగ్గలేదో మేస్త్రికి లోపల తెలుస్తూనే ఉంది. శనివారం దాకా బింకం పోలేదు.

ఆదివారం తెల్లవారాక సైకిలు బయటికి తీస్తూ సీటు కిందికి చూశాడు. పెన్సిలు గీత లేదు. చెరిగిపోయిందా అని వంగి చూశాడు. చెరగలేదు, గొట్టంతో పాటు లోపలికి దిగిపోయింది. సీటు ఇంకో వేలు కిందికి వచ్చింది. ఎవరి పనో అడగక్కర్లేదు. మేస్త్రి జేబులోంచి అలెన్ కీ తీశాడు, బోల్టులో పెట్టాడు. లోపల పిట్ట చన్నీళ్లు మొహం మీద కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. బోల్టు తిప్పకుండానే కీ మళ్లీ జేబులో వేసుకున్నాడు. "రావే, టైమవుతోంది!" అని కేకేశాడు.

ముప్పై కిలోమీటర్లు దాటాయి, మోకాలి నొప్పి ఊసే లేదు. నలభై దాటాయి. అప్పుడు నిజంగానే ఎదురుగాలి మొదలైంది, ఈసారి అబద్ధం కాదు. మేస్త్రి తల వంచి, పళ్లు బిగించి, కూతురికి గాలి తగలకుండా ముందు తొక్కాడు. మూడు కిలోమీటర్లకే తొడలు బిగుసుకుపోయాయి. వేగం పడిపోతోంది.

"నాన్నా, నా వెనక్కి రా!"

"నేనే నీకు తోడు, నువ్వు నాక్కాదు!"

"గాలి నేను కాస్తాను, నువ్వు నా వెనక చక్రం వదలకు. ఇంకా పదిహేడు కిలోమీటర్లు, మనకి యాభై నిమిషాలే ఉంది. కలిసి దాటాలి, మర్చిపోయావా?"

మేస్త్రి వెనక్కి జరిగాడు. పదిహేనేళ్లు క్లబ్బులో తొక్కి ఎవరి వెనకా నిలవని మనిషి కూతురు చక్రం వెనక చేరాడు. గాలి మోత ఒక్కసారిగా తగ్గింది, కాళ్లు తేలికయ్యాయి. ముందు పిట్ట వీపు, తడిసిన చొక్కా. గుంట కనిపించినప్పుడల్లా ఎడమ చెయ్యి కిందికి చాచి చూపిస్తోంది. ఆ సైగ ఎవరు నేర్పారు దానికి? తనే, దాని ఏడో ఏట, పార్కులో. మేస్త్రి కళ్లు చెమర్చాయి. చెమట అనుకుందామన్నా కుదరలేదు.

గడియారం మాస్టారు రెండు వాచీలూ చూశాడు, మళ్లీ చూశాడు.

"రెండు గంటల యాభై ఎనిమిది. పేర్లు ఉంచుతున్నాను, పోండి."

పిట్ట సైకిలు ఆనించింది గానీ ఎగిరి గంతెయ్యలేదు. తండ్రి దగ్గరికొచ్చి తల దించుకుంది.

"నాన్నా, ఒకటి చెప్పాలి. తిట్టకు. నిన్న నువ్వు స్నానానికెళ్లినప్పుడు నీ సీటు ఇంకో వేలు దించేశాను. అడిగితే ఒప్పుకోవని..."

"పొద్దున్నే చూశాను."

"చూశావా?"

"వెంట్రుకవాసి తేడా పట్టే కన్ను నాది. వేలెడు తేడా పట్టదా?"

"మరి మళ్లీ ఎత్తుకోలేదేం?"

"ఎత్తుదామనే కీ పెట్టాను." మేస్త్రి జేబులోంచి ఆ కీ తీసి కూతురి చేతిలో పెట్టాడు. "ఇన్నేళ్లు ఎవరెవరి నోళ్లకో కొలతలు చూశాను పిట్టా. నన్ను ఇలా చూసి కొలత తీసింది నువ్వే. దాన్ని మార్చడానికి చెయ్యి రాలేదు."

పిట్ట పక్కన మెట్టు మీద కూలబడింది. మేస్త్రి కూడా కూర్చున్నాడు. కాలు ఊగలేదు. లేవలేదు, జేబులు తడుముకోలేదు, గేటు వైపు చూడలేదు. పావుగంట గడిచింది.

ఆటో దిగి పరుగు పరుగున వచ్చిన లెక్కల టీచరు, ఫలితం అడగడం మర్చిపోయి, భర్త నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"ఏమయిందే మీ నాన్నకి? ఇంత కుదురుగా కూర్చున్నారు, ఒంట్లో బాలేదా?"