టికెట్ మీద గంట, గాల్లో అరగంట

ఆ టీ ఒలికింది విమానంలో టీ పోసే పిచ్చుక చేతిలోంచి కాదు, మీ టైమ్‌టేబుల్లోంచి. రెండు విమానాశ్రయాల మధ్య గంట ప్రయాణమని రాసి, ఆ గంటలో అందరికీ వేడి టీ అంది తీరాలని హుకుం వేసిన విమాన కంపెనీ పెద్దలారా, మీ సంగతే రాస్తున్నాను. భుజాలు తడుముకుంటారేమో, తడుముకోండి.

ఆ రెండు ఊళ్ల మధ్య దూరం రెండు వందల కిలోమీటర్లు. విమానం గాల్లో ఉండేది అరగంట. మిగతాదంతా నేల మీదే పోతుంది. తలుపులు మూసి రన్‌వే కోసం వరసలో నిలబడాలి, దిగాక గేటు దాకా పాకాలి. గాల్లో ఉన్న ఆ కాసేపట్లోనూ విమానం పైకి లేచేటప్పుడు, కిందికి దిగేటప్పుడు సిబ్బంది బెల్టు పెట్టుకుని కూర్చోవాలి. టీ బండి తోయడానికి మిగిలేది పది నిమిషాలు. విమానం నిండా జనం.

పిచ్చుక అసలు పేరు కాదు. సీట్ల మధ్య గెంతుతూ నడుస్తుందని తోటివాళ్లు పెట్టింది. ఆ రోజు బండికి అవతలి వైపు ఉన్నది ఆమె సొంత పిన్ని. పిన్నిది ఏళ్లుగా ఇదే పని.

"పిన్నీ, దిగుతున్నట్టుందే. చెవులు దిబ్బడేస్తున్నాయి."

"ఇంకో ఆరు వరసలే. కానీ, కానీ."

"వీళ్లకి ఇంట్లో టీ పెట్టేవాళ్లు లేరా తల్లీ!"

"ఉంటే మనకి ఉద్యోగాలెక్కడివే? పోసెయ్."

విమానం ఒక్కసారి కుంగింది. జగ్గులో టీ సగం పిచ్చుక మణికట్టు మీద, సగం పక్క సీట్లో ముసలాయన తొడ మీద పడింది. ఆయన కేకకి నిద్రపోతున్నవాళ్లు లేచారు. పిన్ని చల్లనీళ్ల సీసాలు తెరిచి ఇద్దరి మీదా గుమ్మరించింది. చక్రాలు నేలకి తగిలేసరికి ఆ ఇద్దరాడవాళ్లూ సీటు వీపులు పట్టుకుని నిలబడే ఉన్నారు.

మర్నాడు పిచ్చుకని పనిలోంచి నిలిపేశారు. పిన్నిని ఆఫీసరు తన గదికి పిలిచాడు.

"చూడమ్మా, అమ్మాయి అజాగ్రత్తగా ఉందని రెండు ముక్కలు రాసివ్వు. నీ మీదికి రాకుండా నేను చూసుకుంటా."

"అజాగ్రత్త కాదు సార్. టైము లేదు."

"గంట చాలదా? పక్క కంపెనీవాళ్లు పోయట్లేదూ?"

"ఏ గంట సార్? నేల మీద నిలబడ్డదీ కలిపారు. అప్పుడు బండి తీస్తే మీరే మెమో ఇస్తారు. పక్క కంపెనీవాళ్ల చేతులు ఎప్పుడైనా చూశారా?"

"అక్క కూతురని వెనకేసుకొస్తున్నావు."

"అక్క కూతురు కాబట్టే గొడ్డుని తోలినట్టు తోలాను. బయటి పిల్లయితే అంత చనువు తీసుకునేదాన్ని కాదు. తొందరపెట్టింది నేను, నన్ను తొందరపెట్టింది మీరు. అది రాసిస్తా, తీసుకుంటారా?"

ఆయన తీసుకోలేదు. ఆమె ఇంకోటి రాయలేదు. సాయంత్రానికి ఆమెనీ నిలిపేశారు.

ఇప్పుడు అదే విమానంలో ఇంకో ఇద్దరు పొగలు కక్కే జగ్గులు పట్టుకుని పరిగెడుతున్నారు. గట్టున కూర్చున్నవాడికి ఈత సులువే. విచారణ కమిటీ వేస్తామంటారా, అదెవరికి కావాలి? ఈ దారిలో వేడి టీ ఇవాళే ఆపండి. చల్లనీళ్ల సీసా చేతికివ్వండి, అరగంట టీ లేకపోతే ఎవరి ప్రాణమూ పోదు. బండి తోసే టైమే టైమని లెక్క రాయండి. పిన్నిని రేపటి విమానానికే డ్యూటీలో వేయండి. పిచ్చుకని, చెయ్యి మానిన రోజునే.